రెయిడ్ 5లో ఒక డిస్కు తప్పుకుంది, ఇంకొకటి చదవలేకపోతోంది: ఇప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే నడపవచ్చా?

ప్రశ్న

నమస్కారం. పాత కంప్యూటరు ఒకదాన్ని ఇంటి స్టోరేజీ సర్వరుగా మార్చుకొని నాలుగేళ్లుగా వాడుతున్నాను. అందులో 4 టీబీ హార్డ్ డిస్కులు నాలుగు ఉన్నాయి. లినక్స్‌లో రెయిడ్‌ను నడిపే ఎమ్‌డీఏడీఎమ్‌తో వాటిని రెయిడ్ 5గా, అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా కలిపి, దాని మీద ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ పెట్టుకున్నాను. మొన్న రాత్రి ఫోటోలు కాపీ చేస్తుండగా పని మధ్యలో ఆగిపోయి, ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ అయిందన్న సందేశం వచ్చింది.

కెర్నెల్ లాగ్ వెనక్కి తిప్పి చూస్తే, గొడవ అంతకు ముందు రోజే మొదలైందని తెలిసింది. మొదట మూడో డిస్కు మీద ఐసీఆర్‌సీ, ఏబీఆర్‌టీ అన్న గుర్తులతో వరుసగా ఎర్రర్లు వచ్చాయి. సాటా లింకు పలుమార్లు రీసెట్ అయి, వేగం 6 గిగాబిట్ల నుంచి 3కి, అక్కడి నుంచి 1.5కి పడిపోయింది. చివరకు రెయిడ్ ఆ డిస్కును పక్కకు తప్పించింది. ఈ-మెయిల్ హెచ్చరిక పెట్టుకోవాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు కాబట్టి, సర్వరు ఒక రోజంతా మూడు డిస్కుల మీదే నడిచిన సంగతి నాకు తెలియనే లేదు. మరునాడు రెండో డిస్కు మీద యూఎన్‌సీ అన్న ఎర్రర్ కనిపించింది. ఆ వెంటనే ఐనోడ్ టేబుల్‌లోని (ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉండే పట్టికలోని) ఒక బ్లాకును చదవలేకపోతున్నానని ఈఎక్స్‌టీ4 చెప్పి, రీడ్-ఓన్లీకి మారిపోయింది.

డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే రాసుకునే స్మార్ట్ వివరాలు ఇవి. మూడో డిస్కులో 199వ అంశం, అంటే యూడీఎమ్ఏ సీఆర్‌సీ ఎర్రర్ల సంఖ్య, 1,412 ఉంది. 5 (చెడి వేరే చోటికి మార్చిన సెక్టార్లు), 197, 198 (చదవలేని సెక్టార్లు) మూడూ సున్నాయే. రెండో డిస్కులో 197వ అంశం, అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్ల సంఖ్య, 8 ఉంది. 5, 199 సున్నా. మిగతా రెండు డిస్కులలో చెప్పుకోదగిన తేడా ఏమీ లేదు.

నేను అనుకుంటున్న క్రమం ఇది: ముందు ఫైల్‌సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి తప్పించి), దాన్ని పరీక్షించి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకేను ప్రతి ప్రశ్నకూ అవునని జవాబిచ్చే వై ఆప్షన్‌తో నడిపి, తరువాత మూడో డిస్కును పూర్తిగా తుడిచేసి, కొత్త డిస్కులా రెయిడ్‌లోకి చేర్చాలని. నా బ్యాకప్ ఏడు నెలల నాటిది. ఈ క్రమంలో తప్పేమైనా ఉంటే చెప్పగలరు.

మొదటి సమాధానం

దయచేసి ఆ రెండు పనుల్లో ఏదీ చేయకండి. మీ దగ్గర ఉన్న సమాచారాన్ని బట్టి చూస్తే, మీ ఫైల్‌సిస్టమ్ ఇప్పటికి పాడవలేదని నా అభిప్రాయం; మీరు చెప్పిన క్రమంలో వెళితే మాత్రం మీ చేతులతోనే పాడుచేసుకున్నవారవుతారు.

మీరు చూసిన ఎర్రర్లు రెండూ ఒకే జాతివి కావు. ఐసీఆర్‌సీ అంటే డిస్కుకూ మదర్‌బోర్డుకూ నడుమ దారిలో డేటా చెడిందని అర్థం. డిస్కులోని పళ్లేల మీద ఉన్న డేటాకు దానితో సంబంధం లేదు, అందుకే ఆ డిస్కులో 5, 197, 198 సున్నాగానే ఉన్నాయి. అది చాలా వరకు కేబుల్ జబ్బు. యూఎన్‌సీ అంటే డిస్కు తన సెక్టారును తానే చదువుకోలేకపోయిందని. అది డిస్కు జబ్బు. 8 అన్న సంఖ్యను చూసి ఎనిమిది చోట్ల దెబ్బ తగిలిందనుకోకండి. ఈ కాలపు డిస్కులలో అసలు సెక్టారు 4,096 బైట్లు, బయటికి మాత్రం 512 బైట్ల చొప్పున ఎనిమిదిగా కనిపిస్తుంది. కాబట్టి 4 టీబీలో చెడింది బహుశా ఒకే ఒక్క సెక్టారు. దురదృష్టం కొద్దీ అది ఐనోడ్ టేబుల్ మీద పడింది.

ఇప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే ఏం చేస్తుందో చూడండి. ఆ బ్లాకు దగ్గరకు రాగానే, చదవలేకపోయాను, పట్టించుకోకుండా ముందుకు వెళ్లనా అని అడుగుతుంది. వై ఆప్షన్ అవునంటుంది. బలవంతంగా తిరిగి రాయమంటారా అని అడుగుతుంది, దానికీ అవునంటుంది. ఒక్కో ఐనోడ్ 256 బైట్లు కనుక ఆ 4,096 బైట్ల బ్లాకులో 16 ఐనోడ్లు పడతాయి, అంటే 16 ఫైళ్ల లేదా ఫోల్డర్ల చిరునామాలు ఒక్క వేటుతో ఖాళీ అవుతాయి. వాటిలో ఒక్కటి ఫోల్డరైనా చాలు, దానిలో ఉన్న ఫైళ్లన్నీ పేర్లు పోగొట్టుకొని, ఉత్త నంబర్లతో లాస్ట్+ఫౌండ్ అనే ఫోల్డరులో కుప్పపడతాయి. వేల ఫోటోలను అక్కడి నుంచి తీసి మళ్లీ పేర్లు పెట్టుకున్న అనుభవం నాకుంది, అది పగవారికి కూడా వద్దు.

మూడో డిస్కును తుడవడం అంతకన్నా పెద్ద తప్పు. రెయిడ్ 5లో ఏ మూడు డిస్కులు పలికినా నాలుగోదానిలోని డేటాను లెక్క కట్టవచ్చు. రెండో డిస్కు చదవలేని ఆ 4,096 బైట్లను తిరిగి కట్టడానికి కావలసిన ముక్క ఈ లోకంలో ఒక్క చోటే ఉంది, అది మీరు తుడిచేద్దామనుకుంటున్న మూడో డిస్కు. అది ఒక రోజు పాతబడింది, అంతే.

ముందుగా అన్‌మౌంట్ చేసి, రెయిడ్‌ను ఆపండి. తరువాత ఎమ్‌డీఏడీఎమ్‌లోని ఎగ్జామిన్ ఆప్షన్‌తో నాలుగు డిస్కుల ఈవెంట్ల సంఖ్యలను (ఏ డిస్కు ఎంత వెనకబడిందో చెప్పేవి), ఎగ్జామిన్-బిట్‌మ్యాప్ ఆప్షన్‌తో బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టే పట్టీ) వివరాలను తీసి, ఒక కాగితం మీద రాసుకోండి. రాసుకునేటప్పుడు డిస్కులను సీరియల్ నంబరుతోనే గుర్తుపెట్టుకోండి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు రీబూట్ అయితే తారుమారు కావచ్చు. ఇంకొక్క మాట: ఎవరు ఎంత ధైర్యం చెప్పినా రెయిడ్‌ను కొత్తగా కట్టే క్రియేట్ ఆప్షన్ జోలికి వెళ్లకండి. డిస్కుల వరుసో, డిస్కులకు పంచే ముక్క (చంక్) పరిమాణమో, డేటా మొదలయ్యే చోటు చెప్పే డేటా ఆఫ్‌సెట్టో ఒక్కటి తేడా వచ్చినా పని చెడుతుంది.

రెండో సమాధానం

కేబుల్ విషయంలో నాదొక చిన్న అనుభవం. నా సర్వరులో ఒక డిస్కు నెలకోసారి తప్పుకుంటూ ఉండేది. డిస్కు మార్చాను, మళ్లీ అదే స్లాటులో అదే కథ. చివరకు చూస్తే, సాటా కేబుల్ కనెక్టరు కేసు పక్క పలకకు ఆనుకొని, తలుపు బిగించగానే అర మిల్లీమీటరు పక్కకు ఒరుగుతోంది. తలుపు తీసి పరీక్షించినంతసేపూ అంతా బాగానే ఉండేది! మీరు కేబుల్ మార్చాక తలుపు మూసి పరీక్షించండి. పవర్ వైపు కూడా చూడండి. ఒకే తీగ నుంచి నాలుగు డిస్కులకు స్ప్లిట్టర్లు గుచ్చి ఉంటే, అన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెట్టినప్పుడు వోల్టేజీ పడిపోయి ఇలాంటి లింకు రీసెట్లే వస్తాయి.

199వ అంశం ఎన్నటికీ తగ్గదు. కేబుల్ మార్చినా 1,412 అలాగే ఉంటుంది. అది ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడవలసింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అన్‌మౌంట్ మొదట కుదరలేదు, ఫైల్ షేరింగ్ సర్వీసు పట్టుకొని కూర్చుంది. దాన్ని ఆపాక కుదిరింది. రెయిడ్‌ను ఆపి చూస్తే, మూడు డిస్కుల ఈవెంట్ల సంఖ్య 48,317, తప్పుకున్న మూడో డిస్కుది 48,102. బిట్‌మ్యాప్ ఉంది. నేను పెట్టిన గుర్తు లేదు గానీ ఉంది. 64 ఎంబీ ముక్కల చొప్పున మొత్తం సుమారు 59,600 ముక్కలలో 211 మాత్రమే మారినట్లు చూపిస్తోంది.

కొత్త 4 టీబీ డిస్కు ఒకటి తెచ్చాను. చెడిన డిస్కుల నుంచి వచ్చినంత డేటా తీసే డీడీరెస్క్యూతో రెండో డిస్కును దాని మీదకు కాపీ చేసి, జబ్బు డిస్కును తీసేసి, కాపీని ఆ స్థానంలో పెడితే బాగుంటుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?

మూడో సమాధానం

కాపీ తప్పకుండా చేయండి, కానీ దాన్ని రెయిడ్‌లో పెట్టకండి. ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ రెండో డిస్కు చదవలేని చోట నాకు రాదని నిజం చెబుతోంది. ఆ మాట విన్నప్పుడే రెయిడ్ మిగతా డిస్కుల నుంచి లెక్క కట్టి, సరైన డేటాను తిరిగి రాస్తుంది. కాపీ డిస్కు అలా కాదు. డీడీరెస్క్యూ చదవలేకపోయిన ఆ 4,096 బైట్ల స్థానంలో కొత్త డిస్కులో ముందు నుంచీ ఏముందో అదే ఉంటుంది, అంటే మామూలుగా సున్నాలు. కొత్త డిస్కు ఆ సున్నాలను ఏ ఎర్రరూ లేకుండా, ఎంతో నమ్మకంగా చదివి ఇస్తుంది. రెయిడ్‌కు అనుమానం రాదు. ఎప్పుడైనా రిపేర్ నడిపితే, డేటాకూ, దాని నుంచి లెక్క కట్టి దాచిన ప్యారిటీకీ పొంతన కుదరడం లేదని గమనిస్తుంది గానీ, తప్పు ఎవరిదో రెయిడ్ 5కు తెలిసే మార్గం లేదు; డేటానే నమ్మి ప్యారిటీని తిరగరాస్తుంది. అంతటితో మీ 16 ఐనోడ్లు శాశ్వతంగా పోతాయి. మీ పరిస్థితిలో నోరు విప్పి చెప్పే జబ్బు డిస్కే, అబద్ధమాడే కొత్త డిస్కు కన్నా నయం.

కాబట్టి కాపీ కేవలం బీమాలాంటిది. రెయిడ్ ఆగి ఉన్నప్పుడే తీయండి. డీడీరెస్క్యూకు మ్యాప్ ఫైలు తప్పనిసరిగా ఇవ్వండి, దాన్ని ఈ డిస్కులలో కాకుండా వేరే చోట పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెడుతుంది. మొదటి విడత ఎన్ ఆప్షన్‌తో నడిపితే, కష్టమైన చోట్లను గీకుతూ కూర్చోకుండా తేలికగా వచ్చేదంతా తీసుకుంటుంది. రెండో విడత డైరెక్ట్ ఆప్షన్‌తో మూడుసార్లు ప్రయత్నించమనండి. ఆదేశంలో మొదట వచ్చేది మూలం, తరువాత వచ్చేది గమ్యం. ఎంటర్ నొక్కే ముందు రెండింటి సీరియల్ నంబర్లనూ ఇంకొకసారి సరిచూసుకోండి. ఇది తారుమారైతే ఈ చర్చ అంతా వృథా.

చెడిన సెక్టారు ఎక్కడుందో మ్యాప్ ఫైలు చెబుతుంది. పార్టిషన్లు, డేటా ఆఫ్‌సెట్ నాలుగు డిస్కులలోనూ ఒకేలా ఉంటే, మూడో డిస్కులో అదే స్థానం చుట్టూ ఉన్న 64 ఎంబీని డీడీ అనే కాపీ ఆదేశంతో ఒక ఫైలుగా తీసి దాచండి. ఎందుకంటే, ఆ చోటు మారిన 211 ముక్కలలో ఒకటైతే, మూడో డిస్కును తిరిగి చేర్చేటప్పుడు రెయిడ్ అక్కడ తిరగరాయబోయి, రెండో డిస్కును చదవలేక తడబడుతుంది. అన్ని వేల ముక్కలలో అదే పడే అవకాశం తక్కువే అయినా, ఐనోడ్ టేబుల్ తరచూ మారే చోటు కనుక కొట్టిపారేయలేం. ఒక్క నిమిషం పని.

తరువాత కాపీ డిస్కు కేబుల్‌ను భౌతికంగా ఊడదీయండి. దాని మీద రెండో డిస్కు తాలూకు సూపర్‌బ్లాకే (రెయిడ్‌లో దాని గుర్తింపు వివరాలు) అచ్చు గుద్దినట్లు ఉంటుంది కాబట్టి, రెండూ కనబడితే రెయిడ్ దేన్ని ఎంచుకుంటుందో చెప్పలేం. మూడో డిస్కుకు కొత్త కేబుల్ వేసి, రెయిడ్‌ను మూడు డిస్కులతో లేపండి. ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయకుండానే మూడో డిస్కును రీ-యాడ్ ఆప్షన్‌తో చేర్చండి. బిట్‌మ్యాప్ ఉంది కనుక 4 టీబీ అంతా కాదు, మారిన 211 ముక్కలే, అంటే 13 జీబీ చిల్లర మాత్రమే రాస్తుంది. అది కాగానే రెయిడ్‌కు ఆదేశాలిచ్చే సింక్-యాక్షన్ ఫైలులో చెక్ అని రాయండి. రిపేర్ అని కాదు. చెక్ నడిచేటప్పుడు కూడా చదవలేని సెక్టారు ఎదురైతే రెయిడ్ దాన్ని మిగతా డిస్కుల నుంచి కట్టి తిరిగి రాస్తుంది, కానీ పొంతన కుదరని చోట్లను లెక్కపెట్టి వదిలేస్తుంది, ముట్టుకోదు. మీకు కావలసింది సరిగ్గా అదే.

ఎఫ్‌ఎస్‌సీకే వంతు ఆ తరువాతే. అప్పుడు కూడా ముందు ఎన్ ఆప్షన్‌తో చూడండి. అది జర్నల్‌ను (పూర్తికాని మార్పుల చిట్టాను) తిరిగి ఆడించకుండానే చదువుతుంది కాబట్టి లేనిపోని ఎర్రర్లు కొన్ని చూపిస్తుంది, కంగారు పడకండి.

నాలుగో సమాధానం

పై సమాధానానికి ఒక్కటి చేర్చాలి, చెక్ మొదలుపెట్టే ముందే చేయాలి. ఇంటి కంప్యూటర్ల కోసం తయారైన డిస్కులు కొన్ని, చదవలేని సెక్టారు దొరికితే రెండు నిమిషాల పైబడి కూడా దానితోనే కుస్తీ పడతాయి. లినక్స్ మాత్రం మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది. ఆ లోపు జవాబు రాకపోతే లింకును రీసెట్ చేస్తుంది, అది కూడా విఫలమైతే బతికి ఉన్న డిస్కును రెయిడ్ బయటికి నెట్టేస్తుంది. మీకు ఇప్పుడు రెండో డిస్కు తప్పుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

స్మార్ట్‌సీటీఎల్‌తో ఆ కుస్తీకి సమయ హద్దు పెట్టే ఎస్‌సీటీ ఈఆర్‌సీ అన్న సౌకర్యం ఉందో లేదో నాలుగు డిస్కులలోనూ చూడండి. ఉంటే చదవడానికీ రాయడానికీ 70 చొప్పున పెట్టండి. లెక్క సెకనులో పదో వంతులలో ఉంటుంది కాబట్టి 70 అంటే 7 సెకన్లు. లేని డిస్కుకు కెర్నెల్ వైపు టైమవుట్‌ను 30 నుంచి 180 సెకన్లకు పెంచండి. ఈ రెండూ పవర్ తీస్తే మామూలు స్థితికి వెళ్లిపోవచ్చు, కాబట్టి బూట్ అయినప్పుడల్లా పెట్టే స్క్రిప్టు ఒకటి రాసుకోవాలి. నా లెక్కన, ఇళ్లలో రెయిడ్ 5 కూలిపోయిన కథలలో ఎక్కువ భాగం వెనుక ఉన్నది డిస్కు చావు కాదు, ఈ 30 సెకన్ల తొందరపాటే.

ప్రశ్న అడిగినవారు

మూడు రోజుల తరువాత రాస్తున్నాను. డీడీరెస్క్యూ 7 గంటల 40 నిమిషాలు పట్టింది. రెండు విడతల తరువాత రాకుండా మిగిలింది అక్షరాలా 4,096 బైట్లు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ ఒక్క సెక్టారు పలకలేదు. మూడో డిస్కు నుంచి 64 ఎంబీ ముక్క తీసి దాచాను. ఎస్‌సీటీ ఈఆర్‌సీ మూడు డిస్కులలో ఉంది, మొదటి డిస్కులో లేదు. దానికి 180 సెకన్లు పెట్టాను.

మూడో డిస్కు పాత కేబుల్‌ను ఊడదీసి చూస్తే, కనెక్టరును పట్టి ఉంచే లోహపు నొక్కు విరిగి ఉంది. వేలితో తాకితే చాలు, ఊగుతోంది. కొత్త కేబుల్ వేశాక 199వ అంశం 1,412 దగ్గరే ఆగింది, తలుపు మూసి చూసినా అంతే.

రీ-యాడ్ నాలుగు నిమిషాల లోపే అయిపోయింది. నేను గంటల తరబడి కూర్చోవలసి వస్తుందనుకున్నాను. చెక్ మాత్రం తొమ్మిది గంటలు నడిచింది. అర్ధరాత్రి దాటాక లాగ్‌లో రెండో డిస్కు మీద రీడ్ ఎర్రర్ సరిచేయబడింది, 8 సెక్టార్లు అన్న వరుస ఒకటి కనిపించింది. పొంతన కుదరని చోట్ల లెక్క సున్నా. రెండో డిస్కులో 197వ అంశం 8 నుంచి సున్నాకు దిగింది. 5వ అంశం కూడా సున్నాగానే ఉంది.

ఎఫ్‌ఎస్‌సీకే ఎన్ ఆప్షన్‌తో చూసినప్పుడు తెర నిండా ఎర్రర్లు వచ్చాయి. మీరు ముందే చెప్పి ఉండకపోతే నా గుండె జారిపోయేది. జర్నల్ తిరిగి ఆడాక నడిపితే ఖాళీ బ్లాకుల లెక్కల్లో తేడా తప్ప మరేమీ లేదు. లాస్ట్+ఫౌండ్ ఖాళీగా ఉంది. ఆ బ్లాకులో ఉన్న 16 ఐనోడ్లు ఏమిటో కుతూహలం కొద్దీ డీబగ్‌ఎఫ్‌ఎస్‌తో చూశాను. వాటిలో 15 మామూలు ఫైళ్లు. పదహారోది ఫోల్డరు, అందులో 2,300 ఫోటోలు ఉన్నాయి.

ఇక ఒక సందేహం మిగిలింది. రెండో డిస్కులో 197 సున్నా అయింది, 5 కూడా సున్నా. దీన్ని బాగైనట్లు లెక్కవేసి ఉంచుకోవచ్చా, మార్చేయాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

5వ అంశం పెరగలేదంటే, తిరిగి రాయగానే ఆ సెక్టారు మామూలుగా నిలిచిందని, డిస్కుకు దాన్ని వేరే చోటికి మార్చవలసిన అవసరం రాలేదని అర్థం. రాస్తుండగా కరెంటు పోయినప్పుడు కూడా ఇలాంటి సెక్టార్లు మిగులుతుంటాయి. అది ఒక్కటే అయితే నేను డిస్కును పారేయను. డిస్కు అంతా చదివి చూసే లాంగ్ టెస్ట్ ఒకటి నడపండి, 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది. అందులో కొత్త పెండింగ్ సెక్టారు ఒక్కటి తేలినా మార్చేయండి.

మూడో సమాధానం ఇచ్చినవారు

నేను ఇక్కడ విభేదిస్తాను. కొత్త డిస్కు ఎలాగూ చేతిలో ఉంది, నాలుగేళ్ల డిస్కు ఒకసారి మొండికేసింది. ఎఫ్‌ఎస్‌సీకే, చెక్ రెండూ శుభ్రంగా ముగిశాయి కనుక కాపీతో ఇక పని లేదు. దాని మీద ఉన్న సూపర్‌బ్లాకును వేరే కంప్యూటరుకు తగిలించి చెరిపేసి, స్పేరుగా చేర్చి, రీప్లేస్ ఆప్షన్‌తో రెండో డిస్కు స్థానంలోకి ఎక్కించండి. ఈ పద్ధతిలో పాత డిస్కు చివరి వరకూ రెయిడ్‌లోనే ఉంటుంది కాబట్టి ఒక్క క్షణం కూడా మూడు డిస్కుల మీద నడవవలసిన పని ఉండదు. దిగిపోయిన పాత డిస్కును బ్యాకప్‌కు వాడుకోండి. ఏడు నెలల నాటి బ్యాకప్‌తో పోలిస్తే ఒక మచ్చ ఉన్న డిస్కు మీద నిన్నటి బ్యాకప్ ఎంతో మెరుగు.

నెలకోసారి చెక్ నడుస్తోందో లేదో కూడా చూడండి. డెబియన్ అనే లినక్స్ రకంలో అది ప్రతి నెలా మొదటి ఆదివారం నడిచేలా అమర్చి వస్తుంది. మీకు అది నడుస్తూ ఉంటే, నాలుగు డిస్కులూ ఆరోగ్యంగా ఉన్న రోజునే ఈ సెక్టారు బయటపడి, తనంతట తానే సరిపడి ఉండేదేమో. టైమరు ఆగి ఉందని నా అనుమానం.

ప్రశ్న అడిగినవారు

మీ అనుమానం నిజమే. డిస్కుల చప్పుడు రాత్రి నిద్ర చెడగొడుతోందని రెండేళ్ల కిందట నేనే ఆపేశాను. ఇప్పుడు దాన్ని మళ్లీ మొదలుపెట్టి, ఎమ్‌డీఏడీఎమ్ మానిటర్‌కు నా ఈ-మెయిల్ చిరునామా ఇచ్చి, పరీక్ష సందేశం వచ్చిందని కూడా చూసుకున్నాను. రీప్లేస్ ప్రస్తుతం 31 శాతం దగ్గర ఉంది.